కండ పెంచాలంటే ఏం తినాలి? హాస్టల్లో ఉంటున్న తమ్ముడికి వివరంగా

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 22, బరువు 54 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, అమీర్‌పేటలో పీజీ హాస్టల్, మూడు పూటలా మెస్ తిండే, బుధవారం ఆదివారం మాత్రం చికెన్. నాలుగు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నా చొక్కా భుజాల దగ్గర ఏమాత్రం బిగుతు కాలేదు. ట్రైనరేమో మాస్ గైనర్ (బరువు పెంచుతుందని అమ్మే పొడి) డబ్బా కొనమంటున్నాడు, రూమ్మేటేమో అన్నం మానేసి చికెన్, బ్రకోలీ తినమంటున్నాడు, నీ చేతిలో నెలకి రెండు మూడు వేలకి మించి మిగలదు. కాకినాడలో జిమ్ నడుపుతూ నీలాంటి కుర్రాళ్లని ఏళ్ల తరబడి చూస్తున్నాను, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు. డబ్బా కొనొద్దు. అన్నం మానొద్దు. నీ పళ్లెంలో అన్నం ఉన్నంత ధైర్యంగా పప్పు, గుడ్డు, పాలు లేవు, అసలు సమస్య అదే.

ముందు వ్యాయామం గురించి రెండు ముక్కలు, ఎందుకంటే తిండి ఎంత బాగున్నా కండరానికి పని పడకపోతే ఆ తిండి పొట్టకే పోతుంది. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్, రో, పుల్‌అప్ లాంటివి వారానికి మూడు నాలుగు రోజులు చేస్తూ, ఎంత బరువుతో ఎన్నిసార్లు చేశావో నోట్‌బుక్‌లో రాసుకుంటూ, నెల తిరిగేసరికి ఆ అంకెలు పైకి వెళ్తున్నాయా లేదా చూసుకో. నాలుగు నెలల క్రితం ఎత్తిన డంబెల్సే ఇవాళ్టికీ ఎత్తుతుంటే ముందు అది సరిచేసుకో. నిద్ర ఏడు గంటలకి తగ్గనివ్వకు. ఇక తిండి.

నువ్వు ఇప్పుడు ఎంత ప్రొటీన్ తింటున్నావో లెక్క వేద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, చట్నీ కలిపి 10 గ్రాములు. మధ్యాహ్నం పెద్ద పళ్లెం అన్నంలో 9 గ్రాముల దాకా ఉంటుంది, మెస్ పప్పు నీళ్లలా ఉంటుంది కాబట్టి గరిటెడు వేసుకున్నా 5, మజ్జిగ ఒకటో రెండో. రాత్రి ఇంచుమించు అదే. రెండు టీలు కలిపితే ఇంకో 3. మొత్తం 43, 45 గ్రాముల దగ్గర ఆగుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు, అంటే నీ 54 కిలోలకి 45. చూశావా, నువ్వు తినేది బతకడానికి సరిగ్గా సరిపోతోంది, కొత్త కండ కట్టడానికి మిగలడం లేదు. బరువులు ఎత్తేవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే కిలోకి 1.6 గ్రాముల వరకు తింటే లాభం బాగా ఉంది, ఆపైన తిన్నా పెద్దగా తేడా లేదు, కొందరికి 2.2 దాకా పనికిరావచ్చు అని తేలింది. నీకు 1.6 అంటే 86, సులువుగా 90 అనుకో. ఇంటర్నెట్‌లో 200 గ్రాములు తినాలని చెప్పేవాళ్ల మాట పట్టించుకోకు, వాళ్ల బరువు వేరు, వాళ్ల పని వేరు, చాలాసార్లు వాళ్లు అమ్మే సరుకు కూడా వేరే ఉంటుంది.

అంటే ఇంకో 45 గ్రాములు కావాలి. ఇది నువ్వు భయపడినంత పెద్దది కాదు. పొద్దున టిఫిన్‌తో పాటు మూడు ఉడికించిన గుడ్లు తింటే 18 గ్రాములు వస్తాయి. పావు లీటరు చొప్పున రెండుసార్లు పాలు తాగితే 16. సాయంత్రం జిమ్‌కి వెళ్లే ముందు గుప్పెడు కాదు, తూకం వేసి 50 గ్రాముల పుట్నాలు తింటే 11. అంతే, 45 వచ్చేశాయి. ఖర్చు అటూ ఇటూగా చూస్తే గుడ్లు 20 రూపాయలు, అర లీటరు టోన్డ్ పాలు 30, పుట్నాలు ఓ పది, కలిపి రోజుకి 60, నెలకి 1,800. నీ బడ్జెట్‌లోనే ఉంది, చిల్లర కూడా మిగులుతుంది, దానితో వారంలో రెండు రోజులు అదనంగా చికెన్ తెచ్చుకోవచ్చు.

గుడ్లు ఎక్కడ ఉడకబెట్టుకోవాలి అంటావు, రూంలో స్టవ్ పెట్టనివ్వరు కదా. మెస్‌లో వంట చేసే అక్కతోనో అన్నతోనో మంచిగా మాట్లాడు, ట్రే గుడ్లు నువ్వే కొనిచ్చి రోజూ మూడు ఉడకబెట్టి పెట్టమని అడిగితే చాలామంది కాదనరు, నెలకి ఎంతో కొంత చేతిలో పెట్టు. అదీ కుదరకపోతే కెటిల్‌కి హాస్టల్ ఒప్పుకుంటుందేమో కనుక్కో, ఒప్పుకుంటే గుడ్లూ ఉడుకుతాయి, మీల్ మేకర్ కూడా తయారవుతుంది. మీల్ మేకర్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన దగ్గర దొరికే వాటిలో ఇంత చవగ్గా ఇంత ప్రొటీన్ ఇచ్చేది ఇంకోటి లేదు. ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది. 30 గ్రాములు తీసుకుని వేడి నీళ్లలో ఉప్పేసి పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోసి, మెస్ కూరలోనో సాంబారులోనో కలుపుకుంటే 15 గ్రాములు అదనంగా లోపలికి పోతాయి. పిండకుండా తింటే పచ్చి వాసన వేస్తుంది, అందుకే చాలామంది ఒక్కసారి తిని వదిలేస్తారు. సోయా తింటే మగవాళ్లలో ఆడ హార్మోన్లు పెరుగుతాయన్న భయం పెట్టుకోకు, మామూలుగా తినే మోతాదులో టెస్టోస్టిరాన్ తగ్గినట్టు పరిశోధనల్లో కనబడలేదు.

అన్నం సంగతి. 100 గ్రాముల బియ్యంలో 350 కేలరీల దాకా ఉంటాయి, 7 గ్రాముల ప్రొటీన్ కూడా ఉంటుంది. బరువులు ఎత్తడానికి ఒంట్లో కావాల్సిన శక్తి ముఖ్యంగా ఆ పిండిపదార్థం నుంచే వస్తుంది. 54 కిలోల కుర్రాడు అన్నం మానేస్తే బరువు ఇంకా తగ్గుతాడు, రూమ్మేట్ చెప్పింది పొట్ట తగ్గించుకునేవాళ్ల సలహా, అదీ వాళ్లందరికీ అవసరం లేదు. ఇంకో విషయం, బియ్యం ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది బాగా ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. పప్పన్నం కలిపి తినడంలో బలం అదే. కాకపోతే మన అలవాటు గుప్పెడు పప్పుకి గిన్నెడు అన్నం, దాన్ని కొంచెం మార్చాలి. మెస్‌లో పప్పు వడ్డించేటప్పుడు అడుగున గరిటె పెట్టి తీయమను, రెండోసారి అన్నం కంటే ముందు రెండోసారి పప్పు అడుగు. పెసరట్టు దొరికిన రోజు ఇడ్లీ కంటే దాన్నే తీసుకో, పెసలు 100 గ్రాముల్లో 22 గ్రాముల పైన ప్రొటీన్ ఉంటుంది, రెండు పెసరట్లు తింటే నాలుగు ఇడ్లీల కంటే ఎక్కువే వస్తుంది. ఉలవచారు రుచికి మంచిదే కానీ అది ఉలవలు ఉడికిన నీళ్లు, ప్రొటీన్ ఆ ఉలవల్లో ఉండిపోతుంది, కాబట్టి ఇంటికి వెళ్లినప్పుడు గుగ్గిళ్లు పెట్టమని అమ్మని అడుగు.

చికెన్ లెక్కలో అందరూ పొరపడే చోటు ఒకటుంది. పచ్చి బోన్‌లెస్ చికెన్ 100 గ్రాముల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్, వండితే నీళ్లు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి వండిన 100 గ్రాముల్లో 30 దాకా ఉంటుంది. తిండి లెక్క రాసుకునే యాప్‌లో పచ్చిదా వండినదా ఏది నమోదు చేస్తున్నావో చూసుకో. మెస్‌లో వేసే రెండు ముక్కల్లో ఎముకే సగం, దాన్ని 30 గ్రాముల ప్రొటీన్ అని రాసుకోకు, 12, 15 అనుకో. బ్రాయిలర్ కోడికి హార్మోన్ ఇంజెక్షన్లు వేసి పెంచుతారన్నది నిజం కాదు, అంత త్వరగా పెరిగే జాతిని ఏళ్ల తరబడి ఎంపిక చేసి తయారు చేశారు, కోళ్లకి వాడే యాంటీబయాటిక్స్ గురించి ఆందోళన పడటంలో మాత్రం అర్థం ఉంది. నాటుకోడి రుచి వేరు, ప్రొటీన్ దాదాపు అంతే, మూడింతల ధర పెట్టి కండ కోసం అదే తినాల్సిన పని లేదు. చేపని కూడా మరిచిపోకు, బొచ్చె, శీలావతి చికెన్ కంటే కాస్త తక్కువ, 17, 18 గ్రాములు ఇస్తాయి, త్వరగా అరుగుతాయి. ఎండు రొయ్యల్లో ప్రొటీన్ చాలా ఎక్కువ కానీ ఉప్పు కూడా అంతే, వాటిని రుచికే ఉంచు.

గుడ్డులో పచ్చసొన తీసి పారేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఒక గుడ్డులో ఉన్న 6 గ్రాముల్లో తెల్లసొన వాటా మూడున్నర, మిగతాది పచ్చసొనదే, దాంతో పాటు విటమిన్లూ కోలిన్ కూడా అందులోనే ఉన్నాయి. నీ వయసులో, నీ బరువుతో రోజుకి మూడు గుడ్లు మొత్తంగా తినొచ్చు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే మాత్రం ముందు కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకుని డాక్టర్‌ని అడుగు. పచ్చి గుడ్లు తాగడం ఆపెయ్. పచ్చి గుడ్డులో ప్రొటీన్ సగమే ఒంటికి పడుతుంది, ఉడికిస్తే తొంభై శాతం పడుతుంది, పైగా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకితే వారం రోజులు జిమ్ మాట అటుంచి మంచం దిగలేవు.

ఒకేసారి అంతా తినాలా, విడదీసి తినాలా అని కూడా అడిగావు. వ్యాయామం అయ్యాక ముప్పై నిమిషాల్లో ప్రొటీన్ షేక్ తాగకపోతే కండ కరిగిపోతుందన్నది వ్యాపారం కోసం పుట్టిన మాట, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. రోజు మొత్తం లెక్క ముఖ్యం. అయినా పూటకి 20, 25 గ్రాముల చొప్పున నాలుగు పూటలు పంచుకుంటే బాగుంటుంది, కడుపుకీ తేలిక. నువ్వు చేసే తప్పు చాలామంది చేసేదే, పొద్దున దాదాపు ఏమీ ఉండదు, ఆదివారం మధ్యాహ్నం బిర్యానీలో వారం ప్రొటీన్ అంతా తినేయాలనుకుంటావు. ఆ ఒక్క పూట మిగతా ఆరు రోజుల్ని పూడ్చలేదు.

కేలరీలు కూడా కావాలి, ప్రొటీన్ ఒక్కటే పెంచి మొత్తం తిండి తగ్గితే బరువు కదలదు. నీకు రోజుకి 2,400 నుంచి 2,500 కేలరీలతో మొదలుపెట్టు. పైన చెప్పిన గుడ్లు, పాలు, పుట్నాలతోనే దాదాపు 700 కేలరీలు కలుస్తాయి. పొద్దున లేచి టాయిలెట్‌కి వెళ్లొచ్చాక బరువు చూసుకుని రాసుకో, వారం సగటు తీయి. వారానికి 150 నుంచి 250 గ్రాములు పెరుగుతుంటే సరిగ్గా ఉంది. రెండు వారాలైనా కదలకపోతే ఇంకో 200 కేలరీలు కలుపు. వారానికి ముప్పావు కిలో, కిలో పెరుగుతున్నావంటే అందులో కొవ్వే ఎక్కువ, నడుము దగ్గర టేప్ పెట్టి చూస్తే తెలుస్తుంది. కడుపు నిండిపోయి తినలేకపోతే నెయ్యి ఒక చెంచా, పల్లీల పట్టీ ఒకటి, అరటిపళ్లు రెండు, ఇలా తక్కువ చోటులో ఎక్కువ శక్తి ఉన్నవి చూసుకో. అందరికంటే ముందు నేను చెప్పేది సున్నుండలు. మినపపిండి, బెల్లం, నెయ్యి, అంతే కదా, ఒక మోస్తరు సున్నుండలో 180, 200 కేలరీలు, 4 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. మాస్ గైనర్ డబ్బా వెనక అక్షరాలు చదివితే మొదటి పేరు చాలావాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటుంది, అంటే పిండి నుంచి తీసిన చక్కెర లాంటి పొడి, దానికి కిలోల లెక్కన డబ్బు పోసే బదులు ఊరి నుంచి వచ్చేటప్పుడు డబ్బాడు సున్నుండలు తెచ్చుకుని రోజుకి రెండు తిను, నాకు తెలిసి సన్నటి కుర్రాళ్లకి దానికి మించిన గైనర్ లేదు.

పాలు పడకపోతే, తాగగానే కడుపు ఉబ్బరించి గ్యాస్ వస్తుంటే, బలవంతంగా తాగకు, పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర పడనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పెరుగు పడుతుంది చాలామందికి, పాలకి బదులు రెండు కప్పుల గట్టి పెరుగు తిను. పప్పులు, మీల్ మేకర్ ఒక్కసారిగా పెంచినా ఉబ్బరం వస్తుంది, రెండు వారాలు తీసుకుని మెల్లగా పెంచు, నీళ్లు బాగా తాగు, ఒక ఆకుకూర, ఒక పండు రోజూ పళ్లెంలో ఉండాలి. మెస్‌లో ఆకుకూర లేకపోతే కర్రీ పాయింట్‌లో తోటకూర వేపుడో పాలకూర పప్పో తెచ్చుకో.

కార్తీక మాసంలో నీసు తినరు, డిసెంబర్‌లో అయ్యప్ప మాల వేస్తానన్నావు, 41 రోజుల్లో చేసిందంతా పోతుందని బెంగ పడుతున్నావు. పోదు. కండరం అంత త్వరగా వదిలిపోయేది కాదు, బరువులు ఎత్తడం పూర్తిగా ఆపకుండా వారానికి రెండుసార్లైనా చేస్తే చాలు. మధ్యాహ్నం భిక్షలో పప్పు, పెరుగు గట్టిగా తీసుకో, సాయంత్రం అల్పాహారంలో పెసరట్టు ఎంచుకో, పాలు రెండుసార్లు తాగు, పనీర్ 100 గ్రాముల్లో 18 గ్రాముల దాకా ఉంటుంది, అది వారంలో మూడు రోజులు కొనుక్కో. చన్నీళ్ల స్నానాలు, తెల్లవారుజాము పూజలు ఉంటాయి కాబట్టి నిద్ర తగ్గుతుంది, అందుకని ఆ రోజుల్లో కొత్త రికార్డులకి పోకు. నీ రూంలోనే ఇంకో తమ్ముడు రంజాన్‌లో రోజా (ఉపవాసం) ఉంటాడని రాశావు కదా, అతనికీ ఇదే చెప్పు, తెల్లవారుజామున సహరీలో గుడ్లు, పెరుగు, ఇఫ్తార్ అయ్యాక రెండు గంటలకి బరువులు. హలీంలో గోధుమ, పప్పులు, మాంసం, నెయ్యి అన్నీ ఉంటాయి, బరువు పెరగాలనుకునేవాడికి అది చక్కటి భోజనం.

పౌడర్ల విషయం సూటిగా చెప్తా. వే ప్రొటీన్ అంటే చీజ్ తయారుచేసేటప్పుడు మిగిలే పాల నీటి నుంచి తీసిన పొడి, అది మందూ కాదు, విషమూ కాదు. ఒక స్కూప్‌లో 24 గ్రాముల దాకా వస్తుంది. నీ లెక్క గుడ్లు, పాలతోనే తీరిపోతోంది, కాబట్టి ఇప్పుడు అవసరం లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా కండ కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దనే చెప్పారు. ఉద్యోగం వచ్చాక, డ్యూటీలో తినే తీరిక లేనప్పుడు ఒక స్కూప్ తాగితే నేను అడ్డు చెప్పను, కానీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉన్నది, కంపెనీ నుంచి నేరుగా వచ్చేది, సీలు సరిగ్గా ఉన్నది మాత్రమే కొను, జిమ్ కౌంటర్‌లో సగం ధరకి ఇచ్చేది వద్దు. పొడుల్లో నిజంగా పనిచేస్తుందని గట్టిగా రుజువైనది క్రియేటిన్ మోనోహైడ్రేట్, రోజుకి 3 నుంచి 5 గ్రాములు, ఏ టైంలో అయినా సరే. అది కూడా తిండి ఒక మూడు నెలలు సరిగ్గా నడిచాకే.

ఇక నువ్వు చివర్లో మొహమాటంగా అడిగిన ఇంజెక్షన్ల సంగతి. వద్దు తమ్ముడూ. ట్రైనర్ ఎంత బాగా మాట్లాడినా వద్దు. మెఫెంటర్మిన్ అనేది మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు పడిపోయిన బీపీని లేపడానికి డాక్టర్లు వాడే మందు, దాన్ని జిమ్‌ల చుట్టూ దొంగచాటుగా అమ్ముతూ హైదరాబాద్‌లో ఎంతోమంది పట్టుబడ్డారు. అది కండ పెంచదు, గుండెని పరిగెత్తిస్తుంది, అలవాటుగా మారుతుంది. స్టెరాయిడ్లు కండ పెంచుతాయి, అది నిజమే, దాంతో పాటు నీ ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టిరాన్‌ని ఆపేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి, కొలెస్ట్రాల్ చెడుతుంది, గుండె గోడ మందం అవుతుంది. 22 ఏళ్లకి ఇంకా అన్నం పప్పు సరిగ్గా తినడమే మొదలుపెట్టని ఒంటికి సూది ఎక్కించమనేవాడు నీ మేలు కోరేవాడు కాదు, ఆ జిమ్ మానేసి పక్క వీధిలో ఇంకోటి చూసుకో.

కిడ్నీల గురించి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకి కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్ వల్ల హాని జరిగినట్టు రుజువు లేదు. కానీ మీ ఊరు సోంపేట దగ్గర అని రాశావు, అంటే ఉద్దానం. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, అది నీకు నాకంటే బాగా తెలుసు. అందుకని తిండి పెంచే ముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకో, రెండూ కలిపి కొన్ని వందల్లో అయిపోతాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకా తక్కువ. రిపోర్టు బాగుంటే నిశ్చింతగా ఈ లెక్క మొదలుపెట్టు, ఏడాదికోసారి మళ్లీ చేయించు. ఏ మాత్రం తేడా కనబడినా ప్రొటీన్ ఎంత తినాలో నేను కాదు, నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) చెప్పాలి. తర్వాతెప్పుడైనా క్రియేటిన్ వాడితే పరీక్షకి వెళ్లినప్పుడు ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పు, దానివల్ల కిడ్నీలు బాగున్నా క్రియాటినిన్ అంకె కొంచెం ఎక్కువ చూపించొచ్చు. రిపోర్టు వచ్చాక, రెండు వారాల బరువుల సగటుతో కలిపి ఇక్కడే రాయి, ఏం మార్చాలో చూసి చెప్తా.